పరుగు సీటీ

ఆ ఆసుపత్రి పేరు నాను సెప్పను. ఇప్పుడది నేదు, కూలగొట్టీసి లాడ్జీ కట్టీసినారు. నలభై మంచాల ధర్మాసుపత్రి. మా జాలరోళ్ళ వాడకీ ఫిషింగ్ హార్బరుకీ మధ్యన ఉండీది. కిటికీ తీస్తే సేపల వాసన, మూస్తే ఫినాయిలు వాసన. నాను అందులో ఆయాని. పదకొండేళ్ళు మంచాలు తుడిసినాను, బెడ్‌పాన్లు ఎత్తినాను, పక్కబట్టలు మార్సినాను. ఎవులి దగ్గిరా మాటపడే రకాన్ని కాను. "దీని నోరు బోటు ఇంజినురా బాబూ" అని మా అత్త కాసులమ్మ రోజుకోసారైనా అనీది. అలాటి నోరు ఒక్కనాడు మూసుకున్నాను. ఆ వానాకాలం ఊసే ఇది. ఎనభై రెండులో.

ఆ ఏడు వానలు బేగి దిగిపోనాయి. వానతోపాటే వాంతులూ, విరోచనాలూ. వాడలో ఇంటికొకలు పడిపోనారు. మా వార్డులో మంచానికి ఇద్దరు, కింద సాపల మీద ఇంకొందరు. సెలైను సీసాలకి స్టాండులు సాలక కిటికీ ఊసలకి కట్టీసీవోళ్ళం. మాలో ఒక మనిషికి బాగోపోతే ఆసుపత్రికి ఒక్కడు రాడు, వాడ వాడంతా కదిలొస్తాది. రోగి మంచమ్మీద, సుట్టాలు ముప్పైమంది వరండాలో. ఆలకి బయం. ఆలని సూసి డాట్రులకి బయం.

ఆ బయంలోంచే పుట్టినాది మందుల సీటీ.

వార్డులో ఎవులైనా పోతే, పోనారని ఆ నిమిషాన డాట్రు సెప్పడు. కాయితమ్మీద ఏదో ఇంజీషను పేరు రాస్తాడు, ఎక్కడా బేగి దొరకనిది. సుట్టాల్లో గట్టోడు ఎవుడో, గొడవ సేసీలాటోడు ఎవుడో సూసి ఆడి సేతిలో పెట్టమంటాడు. ఆడు షాపులంట పరిగెడతాడు. ఆ లోపల డాట్రు వంటగది పక్కన గుమ్మంలోంచి ఎల్లిపోతాడు, మేం శవాన్ని తుడిసి దుప్పటి కప్పీస్తాం. ఆడు తిరిగొచ్చీసరికి "ఇప్పుడే నాయనా, ఐదు నిమిషాలు ముందొచ్చుంటే" అంటాం. కొట్లాట అవకుండా ఉండడానికని ఎవులో ఎప్పుడో మొదలెట్టినారు. డాట్రులు మారినా సీటీ మారనేదు. మాలో మేం దాన్ని పరుగు సీటీ అనీవోళ్ళం. నవ్వుకునీవోళ్ళం కూడా. సిగ్గేస్తాది తలుసుకుంటే.

సిలకమ్మని ఒక బేస్తవారం పొద్దున్న రిక్షాలో తెచ్చినారు. నా తోటికోడలు. మా మరిది ఎల్లారావు పెళ్ళాం. రాత్రంతా వాంతులవుతుంటే, తెల్లారితే తగ్గుతాదని ఇంట్లో ఉంచీసినారంట. నాను డూటీలో ఉండిపోనాను, నాకు తెల్దు. కళ్ళు లోపలికి పోనాయి, సెయ్యి పట్టుకుంటే సల్లగా ఉంది. సిస్టరు ఆదిలక్ష్మమ్మ నరం కోసం రెండు సేతులూ, రెండు కాళ్ళూ ఎతికినాది. దొరికినాది, సెలైను ఎక్కినాది, రెండు సీసాలయ్యీసరికి సిలకమ్మ నన్ను సూసి "అక్కా, దాహం" అన్నాది. నాను సెంచాతో నీళ్ళు పోసినాను. గొంతు దిగనేదు.

డూటీ డాట్రు శ్రీరామ్మూర్తి. కుర్రోడు, మంచోడే. గుండె మీద గొట్టాలు పెట్టి సూసినాడు, కళ్ళు తెరిసి సూసినాడు, గొట్టాలు జేబులో పెట్టీసినాడు. పెట్టీసి, కాయితం తీసినాడు.

"అప్పాయమ్మా, ఇది వాళ్ళాయనకివ్వు. తొందరగా తెమ్మను."

నా మొకం సూడకుండానే అన్నాడు. నాను ఆ సీటీ అందుకున్నాను. ఎందుకందుకున్నావంటే, పదకొండేళ్ళ అలవాటు. సాపితే అందుకోడమే. సిలకమ్మ పాదాల సల్లదనం ఒక సేతికి ఇంకా అంటుకునే ఉంది, ఇంకో సేత్తో సీటీ పట్టుకుని వరండాలోకెల్లి మా ఎల్లారావుకిచ్చీసినాను.

"బేగి తేరా" అన్నాను. ఈ నోటితోటే.

బయట వాన దంచీస్తంది. సెప్పులు కూడా ఏసుకోకుండా పరిగెత్తినాడు.

ముప్పావుగంటకి వచ్చినాడు. మూడు షాపులు తిరిగినాడంట. నిలువునా తడిసిపోయి, మందు తడవకుండా సొక్కా విప్పి దానికి సుట్టుకొచ్చినాడు. వార్డులో దుప్పటి కప్పి ఉంది. సిస్టరు ఎదురెల్లి, "ఇప్పుడే నాయనా... ఐదు నిమిషాలు ముందొచ్చుంటే" అన్నాది. అందరికీ అన్నట్టే అన్నాది.

ఆడు సొక్కా మడత విప్పి ఆ మందు కేసి సూసినాడు. సిలకమ్మ సీసా తీసీసిన ఇనప స్టాండు లాగి ఒక్కటి ఏసినాడు. సిస్టరు సెయ్యి అడ్డం పెట్టుకున్నాది. ఎముక ఇరిగిన సప్పుడు వార్డంతా ఇన్నాది. రెండో దెబ్బకి నాను మధ్యన పడినాను, అది నా బుజమ్మీద దిగినాది. "ఓరి సచ్చినోడా, ఎవుల్ని కొడతన్నావురా!" అని అరిసినాను. అప్పుడు నన్ను సూసినాడు. స్టాండు జారిపోనాది. కూలబడిపోయి, పోలీసులు వచ్చిందాకా అక్కడే ఉన్నాడు.

మర్నాడు పనివోళ్ళంతా సమ్మె అన్నారు. న్యాయమే. ఆడకూతురు సెయ్యి ఇరిగిపోతే ఊరుకుంటారేటి? పెద్ద డాట్రు నరసింహమూర్తి గారు అందర్నీ కూకోబెట్టి మాటిచ్చినాడు: గేటుకి తాళం, వార్డుకి ఇనప తలుపు, రోగితో ఒక్కడే లోపలికి. మా వాడ జనాన్నైతే పోలీసు ఉంటేనే రానిస్తారు. అందరూ తప్పట్లు కొట్టినారు. నానూ కొట్టినాను, బుజం నొప్పెట్టింది.

నాలుగో రోజు గేటు బయట రిక్షాలో ఒక ముసిలాయన ఉండిపోనాడు. కూడా వచ్చినోళ్ళు పాతికమంది. ఎవుడొక్కడు లోపలికెల్లాల? నాను కొడుకునంటే నాను కొడుకునని ఆలలో ఆలు దెబ్బలాడుకున్నారు. వాచ్‌మేను తాళం తియ్యనేదు. తీసీసరికి ముసిలాయనకి నరం దొరకలేదు. ఆ సాయంత్రం గేటు మీంచి రాళ్ళు పడినాయి. ఒక రాయి లోపల బాలింత మంచం పక్కన పడ్డాది. తాళం ఏసినాక గొడవ తగ్గనేదు, గేటు బయటికి జరిగినాది అంతే. అది నాను కళ్ళారా సూసినాను.

ఇంట్లో మా అత్త నా ఎదర కూకున్నాది.

"పోలీసోలు అడుగుతారు. నువ్వు సూడనేదని సెప్పీ. పాన్లు కడుగుతన్నానని సెప్పీ."

"అత్తా, రెండో దెబ్బ నా బుజమ్మీద ఉంది. సూడనేదని ఎలగ సెప్పను?"

"పెళ్ళాం పోనాది ఆడికి! నీకు సెల్లెలి లాటిది కాదేటే అది? ఆ నర్సమ్మ నీకేటవుతాది?"

మా ఆయన అర్జునరావు బోటు మీంచి అప్పుడే దిగినాడు. అన్నం కలుపుకుంటా, "ఆ ఉజ్జోగం మానీయే, అప్పాయమ్మా. ఇంటికీ నీకూ పడదు" అన్నాడు.

"నాను మానను, మావా" అన్నాను. నా మనసులో ఉన్నదాన్ని అత్తా సూడనేదు, మావా సూడనేదు. ఆ సీటీ ఇచ్చీసరికే సిలకమ్మ పోనాదని ఆలకి తెల్దు. ఎల్లారావు జైల్లో ఉన్నాడు, ఆడికీ తెల్దు. "మందు కోసం పంపినాది వదినే, పాపం పేణం దక్కాలని సూసినాది" అని ఆడు పోలీసోలతోటి అన్నాడంట. ఆ మాట మా ఆయన సెప్తే నాను పెరట్లోకెల్లి వాంతి సేసుకున్నాను. నాకూ తగులుకున్నాదని అత్త మజ్జిగ తెచ్చి ఇచ్చినాది.

ఆదిలక్ష్మమ్మని మా ఆసుపత్రిలోనే ఆడవోళ్ళ గదిలో పెట్టినారు. కుడిసెయ్యి మొత్తం పిండికట్టు. ఆవిడిది పాలకొండ దరి రైతుల ఇల్లు, ఇరవై ఏళ్ళ సర్వీసు. నాను తల దువ్వడానికెల్లినాను.

"మీవాడా, అప్పాయమ్మా?" అన్నాది.

"మా మరిదే, సిస్టరమ్మా."

"ఊఁ" అన్నాది. సిక్కు తీయించుకున్నాది. తరవాత అడిగినాది, "ఎన్ని చీటీలు పంపించుంటామే మనం?"

నా సేతిలో దువ్వెన ఆగిపోనాది.

"అతను ఆ మందుని చొక్కాలో చుట్టుకొచ్చాడు చూశావా? అప్పటికి ఆ పిల్ల పోయి ముప్పావుగంట. నేను అతని మొహం మీద ఐదు నిమిషాలన్నాను. నా చెయ్యి అతుక్కుంటుందిలే. మళ్ళీ వానాకాలానికి ఎవడో వచ్చి ఎవర్తి తలో పగలగొడతాడు. తలుపులు ఎన్ని పెట్టినా కొడతాడు, మనం పరుగు పెట్టిస్తున్నంతకాలం." ఊపిరి తీసుకుని, "మీ వాడలో బోటు మీద మనిషి పోతే ఇంటికి కబురెలా చెప్తారు?" అని అడిగినాది.

ఆవిడ అడిగిందాకా నాను అది ఆలోసించనేదు. మా వాడలో గంగలో, అదే సముద్రంలో, మనిషి పోతే, కబురు తెచ్చినోడు గుమ్మంలో నిలబడి సెప్పడు. లోపలికొస్తాడు. తలపాగా తీసీసి కింద కూకుంటాడు. ఇంట్లో పెద్ద ఆడమనిషి సెయ్యి పట్టుకుని, పేరెట్టి, పోనాడని సెప్తాడు. సెప్పీసి పారిపోడు. ఆలు ఏడిసినా, తిట్టినా, మట్టి ఇసిరినా అక్కడే ఉంటాడు. ఆలు పొమ్మన్నాకే లెగుస్తాడు. కబురు సెప్తా కూకున్నోడి మీద సెయ్యెత్తినోడు నాకు తెలిసి మా వాడలో ఒక్కడూ నేడు.

అదంతా సెప్పినాను. సిస్టరు కళ్ళు మూసుకుని ఇన్నాది.

"మరి ఈ చీటీల సంగతీ, ఇదీ ఎవరో ఒకరు పెద్ద డాక్టరుగారికి చెప్పాలి" అన్నాది. నన్ను సెప్పమని అననేదు.

ఎంక్వయిరీ పెద్ద డాట్రు గదిలో. కమిటీవోళ్ళు ముగ్గురు, ఒక ఎస్సై, శ్రీరామ్మూర్తి డాట్రు. నన్ను పిలిసినారు. ఎల్లారావు కొట్టినాడా అని ఎస్సై అడిగినాడు.

"కొట్టినాడు. మొదటి దెబ్బ సిస్టరు సేతి మీద, రెండోది నా మీద. ఆడిది తప్పే. శిక్ష ఏస్తే పడాల్సిందే."

"సరే, వేలిముద్ర వెయ్యి."

"సంతకం పెడతాను బాబూ, వొచ్చు నాకు. ఇంకొకటి రాయండి. మందుల సీటీ నాను ఇచ్చీసరికే సిలకమ్మ సచ్చిపోనాది. తెలిసే ఇచ్చినాను."

ఎస్సై కలం ఆగినాది. పెద్ద డాట్రు మొకం కందిపోనాది. "ఏం మాట్లాడుతున్నావు? నువ్వు డాక్టరువా? ఎవరు ఎప్పుడు పోయారో నీకేం తెలుసు? బయటికి పో!"

ఉజ్జోగం పోనాదనే అనుకున్నాను. పోతే పోనీ అనుకున్నాను. కానీ బయటికి ఎల్లనేదు. ఎనకాల కుర్చీ జరిగిన సప్పుడైనాది. శ్రీరామ్మూర్తి డాట్రు లెగిసి నిలబడినాడు.

"ఆవిడ చెప్పింది నిజమే సార్. పదకొండు కాకముందే పోయింది. ఆ చీటీ రాసింది నేను."

ఆ గదిలో ఇంకేటీ గొప్ప ఊసు జరగనేదు. పెద్ద డాట్రు కిటికీ కేసి తిరిగిపోనాడు. కమిటీవోళ్ళలో ఒకాయన టీ తెప్పించమన్నాడు.

నా ఉజ్జోగం పోలేదు గానీ, వార్డులో నాతోటి మాటాడీవోళ్ళు పోనారు. గుట్టు బయటెట్టీసినాదంట. ఇంటికొస్తే అత్త నన్ను కుండ ముట్టుకోనివ్వనేదు. మరిదిని పట్టిచ్చీసినాదంట. ఆ నెల్లాళ్ళూ రెండు దరులా నాను అంటరానిదాన్నే. పొద్దున్నే లెగిసి నా పనికి నాను పోయీదాన్ని.

సిస్టరు ఎల్లి మా వాడ పద్దతి సెప్తే, పెద్ద డాట్రు ఒక్క నెల గడువిచ్చినాడు. "మీ పద్ధతి చూద్దాం. ఒక్క దెబ్బ పడిందా, మళ్ళీ తాళమే." సిస్టరు పిండికట్టు సేతితోటే డూటీకి వచ్చీసినాది. ఎడంసేత్తో రాసి గోడకి అంటించినాది: పోయిన మనిషి పేరు మీద మందు రాయకూడదు. డాక్టరే చెప్పాలి, కూర్చుని చెప్పాలి. చెప్పినాక వెళ్ళిపోకూడదు. వరండాలో ఒక మూల సాపలు పరిపించి, మంచినీళ్ళ కుండ పెట్టించినాది. రోగితో ముప్పైమంది వచ్చినా గేటు తియ్యమన్నాది, కానీ ఆలలో పెద్ద ఎవులో ముందే కనుక్కుని, రెండు గంటలకోసారి ఆ పెద్దకి రోగి ఎలగున్నాడో సెప్పమన్నాది. ఆ పని నాకిచ్చినాది. నా నోరు అప్పుడు పనికొచ్చినాది.

వారం తిరక్కుండానే పరీక్ష పడినాది మా మీద. ఉక్కు ఫేక్టరీ కట్టుబడి పని దగ్గిర్నుంచి ఒకడ్ని లారీలో తెచ్చినారు, కూడా నలభైమంది, బూట్లకి ఎర్రమట్టి. మనిషి గంటలో పోనాడు. కూడా ఉన్న తమ్ముడు వీర్రాజు, మనిషి తలుపంత ఉన్నాడు.

శ్రీరామ్మూర్తి డాట్రు వంటగది గుమ్మం కేసి ఒక్కసారి సూసినాడు. సూసినాడు, అబద్దం ఎందుకు? నాను ఆ గుమ్మానికి అడ్డంగా నిలబడినాను. "రండి బాబూ, నానూ వస్తాను" అన్నాను.

వరండాలోకెల్లి సాప మీద కూకున్నాడు. తెల్లకోటు తోటి కింద కూకున్న డాట్రుని ఆలెప్పుడూ సూడనేదు కాబోలు, తోసుకుంటా వచ్చినోళ్ళు ఆగినారు. వీర్రాజుని కూకోమన్నాడు. కూకున్నాడు. డాట్రు ఆడి సెయ్యి పట్టుకున్నాడు.

"మీ అన్నయ్య సత్యం చనిపోయాడు. మేము చేసింది సరిపోలేదు."

వీర్రాజు ఆయన కాలరు పట్టుకున్నాడు. పిడికిలి ఎత్తినాడు. ఎనకనుంచి ఎవుడో "కొట్టండ్రా" అన్నాడు. డాట్రు లెగనేదు. సెయ్యి ఒగ్గనేదు. కళ్ళంట నీళ్ళు కారిపోతన్నాయి ఆ కుర్రోడికి. బయమో, బాధో, రెండూనో. అలాగే ఉన్నాడు. ఆ పిడికిలి ఎంతసేపు గాల్లో ఉన్నాదో నాకు తెల్దు. తరవాత వీర్రాజు ఆ సేత్తోటే తన నెత్తి కొట్టుకున్నాడు. కాలరు సిరిగిపోనాది. దెబ్బ పడనేదు.

ఆ రోజు నాను కుండలో నీళ్ళు నలభైమందికీ అందించినాను. ఇనప తలుపు మాట తరవాత ఎవులూ ఎత్తనేదు.

ఎల్లారావు బెయిలు మీద వచ్చినాడు. కేసు అప్పటికింకా నడుస్తంది; మూడు నెల్ల జైలు ఆ తరవాతెప్పుడో పడినాది, అనుబవించినాడు. బెయిలు మీద వచ్చినోడు సముద్రంలోకి పోనేదు. పొద్దస్తమానం రేవులో తిరగేసిన బోటు నీడన కూకుని వల బాగుసేత్తన్నట్టు ఉండీవోడు, సేతులు మాత్రం ఆడీవి కావు. నాతోటి మాటాడీవోడు కాడు. పట్టిచ్చినానని కోపమనుకున్నాను. ఎంక్వయిరీలో నాను సెప్పిన రెండో ముక్క ఆడిదాకా పోనేదు. కాయితాల్లో ఉండిపోనాది.

డాట్రు సెప్పీసినాడు, వార్డులో ఎవులికి ఎవులు సెప్పాలో అందరం నేర్సుకున్నాం, ఊరందరికీ నాను నీతులు సెప్తన్నాను. నా ఇంట్లో సెప్పాల్సింది నాకాడే ఉండిపోనాది. సిగ్గునేని మొకం నాది.

వానలు ఎనకబట్టిన రోజు, మిట్టమజ్జాన్నం రేవుకెల్లినాను. ఆడి ఎదర ఇసకలో కూకున్నాను. ఆడు తల తిప్పుకున్నాడు. సెయ్యి పట్టుకున్నాను, లాక్కున్నాడు. మళ్ళీ పట్టుకున్నాను.

"ఎల్లారావూ, ఒక మాట సెప్తాను. కొడితే కొట్టు. నాను లెగను."

"ఏటి?"

"ఆ సీటీ నాను నీకిచ్చీసరికి సిలకమ్మ నేదు. పోనాది. నాకు తెల్సు. తెలిసే నిన్ను పంపించినాను."

ఆడు నా మొకం సూసినాడు. నాను తల దించుకోనేదు. దించుకోవాలని ఉన్నాది, దించుకోనేదు.

"ఎప్పుడు పోనాది?"

"నువ్వు గేటు దాటకముందే. నువ్వు వరండాలో ఉండగానే."

"నాను పరుగెట్టకముందే?"

"ముందే."

కొడతాడనే అనుకున్నాను, కళ్ళు మూసుకోకుండా ఉండడానికి పళ్ళు బిగించుకున్నాను.

"వదినా, మూడో షాపు కాడ వాన మరీ జోరైపోనాది" అన్నాడు. "మందు తడిసిపోతాదని సూరు కింద ఆగినాను. ఎక్కువసేపు కాదు, సొక్కా ఇప్పి సుట్టిందాకా. ఐదు నిమిషాలుంటాది. ఆవిడ ఐదు నిమిషాలనీసరికి..." మళ్ళీ అందుకున్నాడు. "ఆగకుండా వచ్చీసుంటే బతికుండీదని, రోజూ ఆ సూరు కిందే ఉంటన్నాను. అయితే నాను ఆగిపోబట్టి కాదా, వదినా?"

"కాదురా."

"ఆగినందుకు కాదా?"

"కాదురా నాయనా. కాదు."

మళ్ళీ అడిగినాడు. మళ్ళీ సెప్పినాను. బోటు నీడ మా మీంచి జరిగిపోయి ఎండ మీద పడినా ఆడు అడుగుతానే ఉన్నాడు, అడిగినన్నిసార్లూ నాను సెప్తానే ఉన్నాను.